బేడ తక్కువ గిత్త

మొహిద్దీన్ బాషా నలభై ఏళ్ల బేరాల్లో ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు. ఆదివారం సంతలో అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి తన తువ్వాలు కిందకి లాక్కుని, వేళ్లు నొక్కి ధర చెప్పేవాడు. బేరం కుదిరాక తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, నలుగురూ వినేట్టు పశువు వంశం చదివేవాడు. పెళ్లిలో పంతులు ప్రవర చెప్పినట్టే ఉండేది. తల్లి, తండ్రి, వాటి తల్లిదండ్రులు నాలుగు, ఆ పైన ఎనిమిది, ఒక్కొక్కటీ ఏ ఊరిది, ఎవరి కొట్టంలోది, ఏ ఏడు పుట్టింది, అన్నీ ఊపిరి తీసుకోకుండా వచ్చేవి. మార్టూరు చుట్టుపక్కల పాతిక ఊళ్లలో అంత జ్ఞాపకం ఇంకొకరికి లేదు. "బాషా పదహారణాలన్నాడా?" అని అడిగేవాళ్లు. అన్నాడంటే ఇక పళ్లు కూడా చూడకుండా పగ్గం పట్టుకునేవాళ్లు.

ఆ సంతలో ఒక కట్టుబాటు ఉంది. చదివిన వంశం తప్పని తేలితే, ఎన్నేళ్లకు తేలినా సరే, బేరగాడు ఆ పశువును వెనక్కి తోలుకోవాలి. అది చచ్చిపోతే దాని కడుపున పుట్టినదాన్ని తోలుకోవాలి. అక్కడితో అతని చెయ్యి తువ్వాలు కిందకి పోవడం ఆఖరు. బాషా ఎరికలో ఇద్దరికి అలా జరిగింది. ఒకడు వాడరేవు వెళ్లి ఎండుచేపల వ్యాపారం పెట్టుకున్నాడు. ఇంకొకడు అల్లుడి ఇంట్లో చేరాడు. ఇద్దరిలో ఎవడు ఎక్కువ నష్టపోయాడని బాషా చాలాసార్లు బేరీజు వేసి, తేల్చుకోలేక వదిలేశాడు.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో పశువైద్య కాలేజీ నుంచి శ్రీదివ్య అనే అమ్మాయి జీపులో దిగింది. పరిశోధన చేస్తోందట. ఆమెకు నలభై ఒంగోలు పశువుల తోక వెంట్రుకలు కావాలి. ఒకదానితో ఒకదానికి చుట్టరికం ఉండకూడదు. మూడు తరాల్లో వేరే జాతి కలిసి ఉండకూడదు. ఎవరిని అడిగినా "బాషాని పట్టుకోమ్మా" అన్నారు. పట్టుకుంది.

నలభైలో మొదటిది ఆదెయ్య గిత్త. ఆదెయ్యకు ఆరెకరాల మిరప, నాలుగెకరాల పత్తి ఉన్నాయి కానీ వాటి గురించి ఎవరడిగినా ముక్తసరిగా చెప్పి గిత్త సంగతికి వచ్చేవాడు. బండలాగుడు పోటీల్లో రెండేళ్లు వరసగా మొదటి బహుమతి తెచ్చిన గిత్త అది. శ్రీదివ్య దాని తోక కుచ్చులోంచి వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి, అట్టముక్కకు అంటించి, కవర్లో పెట్టి నంబరు వేసింది.

"ఎన్ని పీకావమ్మా?" అన్నాడు ఆదెయ్య.

"ఇరవై అయిదండి."

"ముందే చెప్పాల్సింది. ఇరవైకి ఒప్పుకునేవాణ్ని."

బాషా సర్దిచెప్పాడు. మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, ఇదంతా ఎందుకని ఆదెయ్య అడిగాడు. వందేళ్ల కిందట ఇక్కడి గిత్తల్ని ఓడలెక్కించి బ్రెజిల్ దేశం తీసుకెళ్లారని, అక్కడి ఆవులతో కలిపారని, ఇప్పుడు వాటి సంతానం కోట్లలో ఉందని శ్రీదివ్య చెప్పింది. వెంట్రుక కుదురులో ఉన్న జన్యువుల్ని యాభై వేల చోట్ల చదివితే, ఆ పశువుల్లో మన రక్తం ఎంత, అక్కడిది ఎంత అని విడదీసి చెప్పొచ్చంది.

"అంటే అవి మనకు చుట్టాలు," అన్నాడు ఆదెయ్య. ముఖం వెలిగింది. "అక్కడ వాటిని ఒంగోలు గిత్తలనే పిలుస్తారా?"

శ్రీదివ్య కాస్త తటపటాయించింది. "నెల్లూరు అంటారండి."

ఆదెయ్య మంచం మీంచి లేచాడు. "నెల్లూరేంది? నెల్లూరుకి గిత్తలేంది?"

"అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేదిగా ఆదెయ్యా," అన్నాడు బాషా.

"ఉంటే? నేను మా మామగారింట్లో ఆరేళ్లున్నా. ఇంటిపేరు మారిందా నాది?" అని, కాసేపు నెల్లూరు వైపు తిరిగి చూసి, మళ్లీ కూర్చున్నాడు. "సరే, వాటితో ఏం చేయిస్తారు? బండ లాగిస్తారా?"

"లేదండి. మాంసం కోసం పెంచుతారు."

మజ్జిగ గ్లాసులు కిందపెట్టిన చప్పుడు వినపడింది. బాషా పగ్గం ముడి విప్పి మళ్లీ వేయడం మొదలుపెట్టాడు. ఈ విషయంలో తను ఏ మాటన్నా నష్టమే, అనకపోతే నష్టం లేదు. అలాంటి చోట నోరు తెరవడం వ్యాపారం కాదు.

"కోట్లలో ఉన్నాయన్నావు," అన్నాడు ఆదెయ్య.

"అవునండి."

"మన దగ్గరో?"

"తగ్గిపోతున్నాయండి. లక్షల్లోకి వచ్చాయి."

"తినేవాడి దగ్గర కోట్లు. దణ్ణం పెట్టేవాడి దగ్గర లక్షలు. పైవాడు ఈ లెక్క ఎక్కడో తప్పేశాడు." అని గిత్త మూపురం మీద చెయ్యి వేశాడు. "మరి అక్కడి లెక్కకి మా వాడి వెంట్రుకలు దేనికమ్మా?"

"తూకానికి రాయి కావాలి కదండీ. ఇది కల్తీ లేని ఒంగోలు అని ఒకటి తేల్చుకుంటేనే, దాని పక్కన పెట్టి అక్కడివాటిని తూచగలం. ఈ నలభై మా తూకపు రాళ్లు. రాయే తక్కువైతే తూచిన ప్రతిదీ తప్పవుతుంది."

ఈ మాట బాషాకు అర్థమైనంతగా అక్కడ ఇంకెవరికీ అర్థం కాలేదు. ఆ అమ్మాయి పుస్తకం తెరిచి వంశం చెప్పమంది. బాషా గొంతు సవరించుకుని ఎనిమిది పేర్లూ చదివాడు. ఆమె రాసుకుంది. తన మాట కాగితం మీదకి ఎక్కడం అతనికి అదే మొదటిసారి. నోటిమాట అయితే వినేవాళ్లు ఒక్కొక్కరే పోయేకొద్దీ తరుగుతుంది. కాగితానికి ఆ తరుగు లేదు. ఆమె పుస్తకం మూసేదాకా బాషా ఆ పేజీ మీంచి కన్ను తీయలేదు.

తొమ్మిది నెలలకు, మిరపకాయలు కళ్లాల్లో ఆరబోసిన రోజుల్లో, శ్రీదివ్య మళ్లీ వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళకు బాషా ఇంటికి వచ్చి, టీ తాగుతూ చెప్పింది.

"ముప్పై తొమ్మిది మీరు చెప్పినట్టే ఉన్నాయి బాషా గారూ. మా సార్లు ఆశ్చర్యపోయారు. ఒక్క ఆదెయ్య గారి గిత్తే. ఎనభై ఏడున్నర శాతం ఒంగోలు. పన్నెండున్నర జెర్సీ."

బాషా లెక్కకు శాతాలు పనికిరావు. వందలో పన్నెండున్నర అంటే రూపాయిలో బేడ, రెండణాలు. పదహారణాల గిత్త పద్నాలుగణాలకు దిగింది. బేడ అంటే ఎనిమిదో వంతు. ఎనిమిదో వంతు అంటే మూడు తరాల వెనక ఉన్న ఎనిమిదింటిలో ఒకటి నిండా జెర్సీ. ఇంతవరకూ లెక్క వేయడానికి అతనికి సగం గుక్క టీ పట్టింది. మిగతా సగం గుక్కలో ఆ ఒకటి ఏదో కూడా తేలిపోయింది.

"ఆదెయ్యకు చెప్పావా అమ్మా?"

"వచ్చేటప్పుడు దారిలో చెప్పానండి. ఆ ఎనిమిది పశువులు ఎవరి ఇళ్లవో ఆ ఇళ్లవాళ్లందర్నీ రేపు పొద్దున తన కళ్లానికి రమ్మని కబురు పెట్టారు."

ఆమె వెళ్లాక బాషా భార్య జహీరున్నీసా టీ గ్లాసులు తీస్తూ, "ఎర్రదాని సంగతే కదా?" అంది.

"నోరు మెదపకు."

"పదేళ్లు దాని పాలు తాగావు. అప్పుడు మెదిలింది కదా నోరు."

సంగతి ఇది. వాళ్లింట్లో గౌరి అని తెల్లటి ఒంగోలు ఆవు ఉండేది. చూడటానికి దేవతలా ఉండి, పాలు మాత్రం పిల్లికి చాలినన్ని ఇచ్చేది. ఒకసారి బాషా పది రోజులు తిరునాళ్లకు వెళ్లినప్పుడు గౌరి ఎదకు వచ్చింది. జహీరున్నీసా పశువుల కాంపౌండరును పిలిపించి జెర్సీ కోడె బీజాన్ని సూదితో వేయించింది. ఎర్రటి పెయ్య పుట్టింది. అది పెద్దదై పూటకు నాలుగు లీటర్లు ఇచ్చింది. బాషా దాన్ని పెరట్లోనే కట్టేసి, ఎవరికీ చూపించకుండా, పాలు మాత్రం తాగాడు. ఆ ఎర్రదాన్ని మంచి ఒంగోలు కోడెకు దాటిస్తే, ఈసారి మల్లెపువ్వు లాంటి తెల్ల పెయ్య పుట్టింది. మూపురం, గంగడోలు, నల్లటి తోక కుచ్చు, అన్నీ లెక్కకు సరిగ్గా ఉన్నాయి. తొంభై తొమ్మిదిలో దాన్ని ఆదెయ్యకు అమ్ముతూ, "తల్లి గౌరి" అని చదివాడు బాషా. గౌరి దానికి అమ్మమ్మ. మధ్యలో ఎర్రదాన్ని మింగేశాడు. నలభై ఏళ్లలో అతను మింగింది ఆ ఒక్క తరమే. ఆ పెయ్య ఈని, గిత్తను ఇచ్చి, తర్వాతి ఈతలో చచ్చిపోయింది. ఇప్పుడు ఆ గిత్త తోకలోంచి ఎర్రది బయటపడింది.

"చెప్పెయ్," అంది జహీరున్నీసా.

"చెబితే చెయ్యి పోతుంది. నలభై ఏళ్ల చెయ్యి."

"చెప్పకపోతే?"

"ఎనిమిది ఇళ్లవాళ్లూ కొట్టుకుని ఏదో ఒకటి తేల్చుకుంటారు. తేలకపోతే వదిలేస్తారు. ఊళ్లో ఏ గొడవైనా మిరప రేటు పెరిగేదాకేగా."

మర్నాడు ఆదెయ్య కళ్లంలో ఎర్రటి తివాచీ పరిచినట్టున్న మిరపకాయల చుట్టూ జనం చేరారు. ఏడిళ్లవాళ్లు సాక్ష్యాలతో వచ్చారు. ఒకాయన పశువుల ప్రదర్శనలో తన ఆవుకిచ్చిన కప్పు తెచ్చాడు. ఇంకొకాయన పటం కట్టించిన ఫోటో తెచ్చాడు. అందులో ఆవు పక్కన నిలబడ్డ మంత్రి ఎవరో ఎవరికీ గుర్తులేదు. ఆవు పేరు మాత్రం అందరికీ గుర్తుంది. ఎవరికి వారు ప్రమాణం చేయబోవడం, తుమ్మడం, ఆగడం. తుమ్మితే మాట చెల్లదని మొదట కొందరు అభ్యంతరం చెప్పారు.

సంత పెద్ద వెంకయ్య ముక్కు తుడుచుకుని, "మిరపకళ్లంలో తుమ్ముకు శకునం లేదు. కానియ్యండి," అన్నాడు. తర్వాత శ్రీదివ్య వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఈ ఎనిమిదింటిలో ఒకటి నిండా జెర్సీ అంటావు."

"లెక్క ప్రకారం అంతేనండి."

"మేం చూశాం కదా ఎనిమిదింటినీ. అన్నీ తెల్లవే. అన్నింటికీ మూపురాలున్నాయి. జెర్సీకి మూపురం ఉంటుందా?"

"ఉండదండి."

"మరి ఇందులో ఒకటి మూపురం ఉన్న జెర్సీ అన్నమాట." వెంకయ్య తల పంకించాడు. "వేషం వేసుకుని వచ్చింది."

ఎవరూ నవ్వలేదు. అందరూ ఆ వేషగత్తె ఎవరై ఉంటుందా అని ఆలోచిస్తున్నారు. ఏడిళ్లకూ కప్పో ఫోటోనో ఉంది. లేనిది హనుమాయమ్మకే. డెబ్బై దాటిన మనిషి. ఆమె మామగారి ఆవు గౌరికి తల్లి. ఇరవై ఏళ్ల కిందట పోయింది. దానికి ప్రదర్శనల్లేవు, కప్పుల్లేవు. చేలో పని చేసి, ఇంట్లో ఈని, అలాగే చచ్చిపోయింది.

"మీ ఆవు మాట ఏంటత్తా?" అన్నాడు వెంకయ్య.

"ఏంటంటే ఏం చెప్పనురా? పాలలా తెల్లగా ఉండేది. నాలుగిళ్ల అవతల నుంచి మూపురం కనపడేది. నన్ను రెండుసార్లు పొడిచింది. జెర్సీ పొడుస్తుందా?"

"రుజువు ఉందా?"

హనుమాయమ్మ చీర కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకుని పిక్క మీద మచ్చ చూపించింది. పెద్దలు వంగి చూశారు. మచ్చ ఒంగోలు కొమ్ముదేనని ఇద్దరు, చెప్పలేమని ముగ్గురు అన్నారు.

బాషా ఒక పక్కగా నిలబడి, తువ్వాలుతో ముక్కు మూసుకుని, తేలిపోతుంది, తేలిపోతుంది అనుకుంటున్నాడు. వెంకయ్య ముసలామె ముఖం చూసి మెత్తబడ్డాడు.

"సరే. ఒక్క ఇంటి మీద వేయడం న్యాయం కాదు. అణాకు నాలుగు కానీల లెక్కన బేడ అంటే ఎనిమిది కానీలు. ఇళ్లూ ఎనిమిది. తలా ఒక కానీ మోద్దాం. కానీకి పరువేం పోతుంది?"

ఈ మాట అందరికీ నచ్చింది. కానీ పోతే పోయిందనుకున్నారు. టీ తెమ్మని ఆదెయ్య కేకేశాడు కూడా. అప్పుడు శ్రీదివ్య, "అలా కుదరదండి," అంది.

"ఎందుకు కుదరదు? నీ బేడ నీకు వచ్చిందిగా?"

ఆమె వంగి ఎనిమిది మిరపకాయలు వరసగా పేర్చింది. "ఒక్కో కాయ ఒక్కో పశువు అనుకోండి. ఒక్కొక్కటి ఈ గిత్తకు ఇచ్చేది రెండణాలు. అంటే ఎనిమిది కానీలు. అందులో ఒక కానీ జెర్సీ కావాలంటే, ఆ పశువులో కూడా ఎనిమిదో వంతు జెర్సీ ఉండాలి." ప్రతి కాయకూ చివర తుంచుతూ పోయింది. "అప్పుడు ఎనిమిదీ పద్నాలుగణాలవే. ఒక్కటి కూడా పదహారణాలది మిగలదు."

వెంకయ్య తుంచిన కాయల్ని రెండుసార్లు లెక్కపెట్టాడు. లెక్క నిజమే. కప్పు తెచ్చినాయన దాన్ని చంకలో పెట్టుకుని లేచాడు. "మా ఆవు బేడ తక్కువదా? మంత్రి బొట్టుపెట్టిన ఆవు అది."

"మంత్రి బొట్టుపెట్టింది మా ఆవుకి," అన్నాడు ఫోటో ఆయన. ఒక్క నిమిషంలో కళ్లమంతా గోలయిపోయింది. ఒక్క ఆవు పరువు కాపాడబోయి జిల్లా పరువంతా తీశారని ఎవరో వెంకయ్యని దులిపారు. ఇంకెవరో అసలు కాంపౌండర్లందర్నీ పిలిపించాలన్నారు. తుమ్ములు, కేకలు.

శ్రీదివ్య గొంతు పెంచింది. "ఇంకో దారి ఉందండి. ఎనిమిది పేర్లలో ఏదో ఒకటి తప్పయి ఉండొచ్చు."

గోల ఆగిపోయింది. అందరూ ఆ అమ్మాయిని చూశారు. తర్వాత బాషాను చూశారు. మళ్లీ అమ్మాయిని చూశారు, ఈసారి కోపంగా.

"అంటే?" అన్నాడు ఆదెయ్య. "బాషా తప్పు చదివాడంటావా?"

"అలా కాదండీ, పొరపాటున..."

"పొరపాటా? నీ మిషను పొరపాటు పడొచ్చు. ఆ మనిషి నలభై ఏళ్లలో పడలేదు. వెంట్రుక పీకి వంశం చెబుతావు, సరే. ఆయన వెంట్రుక పీకకుండా ముప్పై తొమ్మిది చెప్పలేదా? నువ్వే అన్నావు, మీ సార్లు నోళ్లు తెరిచారని."

"మూపురం ఉన్న జెర్సీ అయినా ఉంటుందేమో గానీ, బాషా తప్పు చెప్పడం ఉండదు," అన్నాడు వెంకయ్య. అందరూ అవునన్నారు.

హనుమాయమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుంది. మిరప ఘాటుకో మరి దేనికో. "పోనీలేరా," అంది. "బాషా చెప్పాడంటే చెప్పినట్టే. తప్పు మా ఆవులోనే ఏదో ఉండి ఉంటుంది. మా మామ ఎక్కణ్నుంచి తోలుకొచ్చాడో నేనేం చూశాను. మా ఇంటి మీదే రాసుకోండి బేడ."

బాషా లోపల తక్కెడ ఒక్కసారిగా ఒక వైపుకి ఒరిగింది. నలభై ఏళ్ల మాట ఒక పళ్లెంలో, ఒక తరం రెండో పళ్లెంలో పెట్టి ఇన్నాళ్లూ సరితూగిందనే అనుకున్నాడు. ఇప్పుడు ఈ ముసలామె తన ఆవును తెచ్చి, బాషా మాట బరువు నిలబెట్టడానికి ఆ మాట ఉన్న పళ్లెంలోనే పడేసింది. ఈ బరువు ఇంకొకరి సరుకు. ఎంత నష్టమైనా తనది కాని సరుకు తన పళ్లెంలో ఉంచుకునే రకం కాదు అతను.

"ఆదెయ్యా," అన్నాడు. "గౌరికీ నీ పెయ్యకీ మధ్యలో ఇంకొకటి ఉంది."

మొత్తం చెప్పాడు. తిరునాళ్లు, సూది, ఎర్రది, పాలు. చెబుతున్నంతసేపూ ఎవరూ తుమ్మలేదు.

"ఎందుకు చెప్పలేదయ్యా అప్పుడు?" అన్నాడు ఆదెయ్య.

"చెబితే నువ్వు కొనేవాడివి కాదు."

"కొనేవాణ్ని కాదు," ఆదెయ్య ఒప్పుకున్నాడు. "కొనకపోతే నాకు ఈ గిత్తా వచ్చేది కాదు." ఆ లెక్క అతన్ని కాసేపు ఇబ్బంది పెట్టింది.

వెంకయ్యకు కట్టుబాటు అమలు చేయక తప్పదు. లేచి నిలబడి అన్నాడు. "పశువు చచ్చిపోయింది కాబట్టి దాని కడుపున పుట్టిన గిత్తను బాషా తోలుకోవాలి. ఇవ్వాళ్టి నుంచి బాషా చెయ్యి..."

"ఆగండాగండి," అన్నాడు ఆదెయ్య. "గిత్తను తోలుకోవడం ఏంది? శివరాత్రికి బండలాగుడు ఉంది నాకు."

"కట్టుబాటు."

"కట్టుబాటు పశువు తప్పయితే కదా. ఇందులో పద్నాలుగణాలు ఆయన చదివినట్టే ఉంది. తప్పయింది బేడే. బేడ తోలుకోమనండి."

"బేడ ఎలా తోలుకుంటాడు? తోకా? చెవులా?"

ఈ విషయం మీద అరగంట చర్చ జరిగింది. ఏ భాగం జెర్సీదో చెప్పమని శ్రీదివ్యను అడిగారు. ఒంటినిండా అక్కడక్కడా ఉంటుందండి, విడదీయలేం అంది. అప్పుడు వెంకయ్య, ఒంట్లో విడదీయలేనిదాన్ని రోజుల్లో విడదీయొచ్చని తేల్చాడు. ఎనిమిది వారాలకు ఒక వారం గిత్త బాషా ఇంట్లో ఉంటుంది. ఏడు వారాలు ఆదెయ్యది. పాపం బేడ అయినప్పుడు శిక్ష పదహారణాలు వేయడం కూడా ధర్మం కాదు గనక, ఆ ఒక్క వారం మాత్రం బాషా సంతకు రాకూడదు, చెయ్యి తువ్వాలు కింద పెట్టకూడదు. మిగతా ఏడు సంతలూ మామూలే.

బాషాకు ఇది లాభమో నష్టమో వెంటనే తెలియలేదు. హనుమాయమ్మ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆమె అతన్ని కింది నుంచి పైదాకా చూసి, "ఒరే బాషా, మా ఆవు నన్ను రెండుసార్లు పొడిచింది. నువ్వు ఒక్కసారే పొడిచావు. పో," అంది.

శ్రీదివ్య పుస్తకంలో గౌరి తల్లిదండ్రుల పేర్లు కొట్టేసి అక్కడ గౌరినీ జెర్సీనీ, గౌరి ఉన్నచోట ఎర్రదాన్నీ రాసుకుంది. ఎర్రదాని అసలు పేరు ఏంటని అడిగితే, పెట్టలేదన్నాడు బాషా. నలభై రాళ్లలో ఒకటి తగ్గినా పర్లేదంది ఆమె. ఎంత కల్తీ ఉందో ముందే తెలిసిన పశువు ఒకటి దగ్గరుంటే, తమ లెక్క సరిగ్గా వస్తోందో లేదో దానితో సరిచూసుకోవచ్చట.

శివరాత్రి అయిన మొదటి వారం ఆదెయ్య గిత్తను తోలుకొచ్చి బాషా వాకిట్లో కట్టేశాడు. దాణా ఎంత, ఉలవలు ఎంత, నీళ్లు ఏ వేళకు అని జహీరున్నీసాకు ముమ్మారు చెప్పి, పేడ ఈ వారం ఎవరికి చెందుతుందో తేలలేదని గుర్తుచేసి వెళ్లాడు. ఆదివారం వచ్చింది. నలభై ఏళ్లలో మొదటిసారి ఆదివారం పూట బాషా ఇంట్లో ఉన్నాడు. కూర్చోలేక, నిలబడలేక, గిత్తకు నీళ్లు పెట్టాడు.

పది గంటలకు మార్టూరు రాళ్ల పాలిషింగ్ మిల్లులో పనిచేసే జక్రయ్య ఆవును తోలుకుని వచ్చాడు. వెనకాలే ఇంకో ఇద్దరు, ఇంకో రెండావులు. వాకిలి బయట చింతచెట్టు నీడలో మరో నాలుగు కనిపించాయి.

"ఏంటి జక్రయ్యా?"

"ఆవు ఎదకొచ్చింది బాషా గారూ. మీ జెర్సీకి దాటిద్దామని."

"ఇది జెర్సీ కాదు. ఆదెయ్య ఒంగోలు గిత్తే."

"తెలుసండి. ఏడు వారాలు ఆదెయ్య గారి దగ్గర ఒంగోలు, ఈ వారం మీ దగ్గర జెర్సీ అని పంచాయితీలో తేల్చారంటగా. మాకు పాలే కావాలి. అందుకే ఈ వారం దాకా ఆగాం."

బాషా తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "అది అలా కాదు. ఏ వారమైనా దీంట్లో ఉన్నది రెండణాల జెర్సీనే. నీ ఆవుకు పుట్టే దూడకు ఒక్క అణా వస్తుంది. అణాకి పాలు పెరగవు."

జక్రయ్య వెనక్కి తిరిగి మిగతా ఇద్దర్నీ చూశాడు. ముగ్గురూ చిన్నగా నవ్వుకున్నారు.

జహీరున్నీసా గుమ్మంలోంచి, "ఉన్నదున్నట్టు చెబుతున్నాడయ్యా, వినండి," అంది.

"విన్నామమ్మా," అన్నాడు జక్రయ్య, ఆవును లోపలికి తోలుతూ. "కానీ బాషా గారి చదువు ఎలా ఉంటుందో మొన్న కళ్లంలో అందరం విన్నాం కదా. ఆయన రెండణాలంటున్నాడంటే పద్నాలుగుకు తక్కువుండదు."

గిత్త మోర ఎత్తి ఆవును వాసన చూసింది. బాషా పగ్గం పట్టుకుని, చెట్టు కింద నిలబడ్డ నాలుగో ఆవు యజమానికి కూడా మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.